ఎంఎస్ సర్జరీలో చేరకముందే స్కిల్స్ కోర్సు చేయాలా?

ఎంఎస్ జనరల్ సర్జరీ సీటు వచ్చింది, చేరడానికి ఇంకా టైముంది, ఈలోపు రెండు రోజుల బేసిక్ సర్జికల్ స్కిల్స్ కోర్సుకి డబ్బు కట్టనా అని అడిగారు. కోర్సు మంచిదే, కానీ ఇప్పుడు వద్దు. చేరి, క్యాజువాలిటీలో కొన్ని రాత్రులు గడిపాక వెళ్లండి. తొందరేమీ లేదు. జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2023 నిబంధనల్లో పీజీలందరికీ తప్పనిసరి చేసినవి రీసెర్చ్ మెథడాలజీ, ఎథిక్స్, కార్డియాక్ లైఫ్ సపోర్ట్ కోర్సులు. ఇది వాటిలో లేదు.

నేను పీజీ మొదటి ఏడాది మధ్యలో చేశాను. ఇంటర్న్‌షిప్ నుంచి నేరుగా వచ్చినవాళ్లకి మొదటి పూటంతా కుట్టు ముడి నేర్చుకోవడానికే సరిపోయింది. ముడి యూట్యూబ్ చూసి కుర్చీ చేతికి దారం కట్టుకుని నేర్చుకోవచ్చు. (రెండు మలుపులూ ఒకే వైపు వేస్తే ముడి జారుతుంది, అది గుర్తుంచుకుంటే చాలు.) కోర్సులో కొనుక్కునేది మన చేతిని చూసి చెప్పే మనిషిని. సూదిని మొన నుంచి మూడింట రెండు వంతుల దూరంలో పట్టాలి, చర్మంలోకి నిటారుగా దించాలి, ఆపై మణికట్టు తిప్పుతూ సూది వంపు వెంటే పోవాలి, తోయకూడదు. క్యాజువాలిటీలో రక్తం ఆగిందా లేదా అనే చూస్తారు. మీ మణికట్టు తిరిగిందో లేదో చూసే తీరిక అక్కడెవరికి?

ఇంకో మాట. టొరంటోలో 38 మంది జూనియర్ రెసిడెంట్లకి సన్నటి రక్తనాళాలు కలిపి కుట్టడం నాలుగు సెషన్లలో నేర్పారు. సగం మందికి నాలుగూ ఒకే రోజు, మిగతావాళ్లకి వారానికొకటి. నెల తర్వాత పరీక్ష పెడితే వారానికొకటి చొప్పున నేర్చుకున్నవాళ్లే మెరుగ్గా చేశారు. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. అంటే రెండు రోజుల కోర్సు అయ్యాక ఇంట్లో సాధన సాగకపోతే నేర్చుకున్నది నిలవదు.

ఇంట్లో సాధనకి మేక పేగును మించింది లేదు. బోటి అంటే షాపతను ముక్కలు కొట్టి ఇచ్చేస్తాడు, కొట్టకుండా మూరెడు కావాలని ముందే చెప్పండి. మధ్యలో కోసి మళ్లీ కలిపి కుట్టి, రెండు చివర్లూ కట్టేసి, సిరంజితో నీళ్లు ఎక్కించండి. ఏ కుట్టు దగ్గర కారుతోందో అదే చెబుతుంది. ఆ ప్లేటు, కత్తెర మాత్రం వంటింటి వైపు పోనీయకండి, మా అమ్మతో నేను చాలా మాటలు పడ్డాను.

లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి పొడవాటి పరికరాలు పెట్టి, కెమెరాలో చూస్తూ చేసే సర్జరీ) సాధనకి పరికరాలు దూర్చడానికి రంధ్రాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా, ఫోన్ కెమెరా చాలు. చెయ్యి ఎడమకి పోతే పరికరం కొన కుడికి పోతుంది, ఆ తికమక వదలడానికే కొన్ని వారాలు పడుతుంది.

ఫీజు కట్టేముందు ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది ఉంటారో ఫోన్ చేసి కనుక్కోండి. నలుగురైదుగురు దాటితే మీ చేతి దాకా ఎవరూ రారు. అలాగైతే ఆ డబ్బుతో మంచి నీడిల్ హోల్డర్ (కుట్టేటప్పుడు సూదిని పట్టుకునే పరికరం) కొనుక్కోండి.