చీనీకాయల స్టార్టప్‌కు రిటైర్మెంట్ డబ్బు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. టీచరుగా చేసి ఈ మధ్యే రిటైరయ్యాను. మా అబ్బాయి బీటెక్ చదివి 3 ఏళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పుడు ఇద్దరు స్నేహితులతో కలిసి స్టార్టప్ పెడతానంటున్నాడు. మన రైతుల దగ్గర చీనీకాయలు (బత్తాయిలు) కొని, దళారులు లేకుండా ఒక యాప్ ద్వారా బెంగళూరు జ్యూస్ షాపులకు, సూపర్ మార్కెట్లకు అమ్ముతారట. నా రిటైర్మెంట్ డబ్బులోంచి 15 లక్షలు అడుగుతున్నాడు. చాలకపోతే ఇల్లు బ్యాంకులో పెడదామంటున్నాడు. మేమేమో సంబంధాలు చూస్తున్నాం. వద్దంటే వాడు నొచ్చుకుంటాడు, సరేనంటే మాకు నిద్ర పట్టదు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి

జవాబు: మాస్టారూ, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఇల్లు తాకట్టు పెట్టొద్దు. 15 లక్షలూ ఇవ్వొద్దు. అలాగని మీవాణ్ని ఆపమని నేను చెప్పను, ఆలోచనలో పస ఉంది. కాయ పండేది మన దగ్గర, కొనే ఊరు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, హైవే మీదే. అయితే మీ ఉత్తరంలో యాప్ ఉంది, దళారులున్నారు. సరుకు అమ్మాక డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుందన్న ముక్క ఎక్కడా లేదు. ఇలాంటి కంపెనీలకు ఊపిరాడనిది ఎక్కువగా అక్కడే.

ఒక లోడు లెక్క వేసి చూడండి. చీనీ ధర రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి, లెక్క సులువు కోసం టన్ను 25 వేలనుకుందాం. 5 టన్నుల బండికి లక్షా 25 వేలు. కాయ కోసి బండికెక్కించగానే రైతు డబ్బు అడుగుతాడు. ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లకు ఆయన అరువు ఎందుకిస్తాడు? అటువైపు సూపర్ మార్కెట్ వాళ్లు బిల్లు తీసుకుని నెల తర్వాత రమ్మంటారు. వారానికి 2 లోడ్లు పంపినా నెల తిరిగేసరికి 8 లోడ్లు, అంటే 10 లక్షలు బయట ఇరుక్కుంటాయి. ఇందులో రూపాయి కూడా నష్టం లేదు, పుస్తకాల్లో లాభమే కనిపిస్తుంది. 10 లక్షలతో మొదలుపెట్టినవాళ్లకు తొమ్మిదో లోడు కొనడానికి మాత్రం చేతిలో పైసా ఉండదు. అమ్మకాలు రెట్టింపైతే బయట తిరిగేది 20 లక్షలవుతుంది. వ్యాపారం పెరిగితే ఇబ్బందులు తీరతాయని కుర్రాళ్లు అనుకుంటారు, అరువు మీద నడిచే వ్యాపారంలో పెరిగే కొద్దీ ఇంకా డబ్బు పోయాలి. మీ 15 లక్షలు పోయేది ఆ గుంతలోకే.

ఇంకొకటి, నలుగుడు. టన్నుకు 2 వేలు మిగులుతుందనుకుంటే లోడుకు 10 వేలు. దారిలో ఒత్తుకునో, గోదాములో మెత్తబడో నూటికి 5 కిలోలు పోయినా 250 కిలోలు, అంటే 6,250 రూపాయలు గాలికి పోయినట్టే. మిగిలిన 3,750లోంచే జీతాలు, అద్దె, సాఫ్ట్‌వేర్ ఖర్చులు. మీవాడు వేసిన ప్రాజెక్టు రిపోర్టులో ఈ వరుస ఉందేమో ఒకసారి అడగండి.

దళారులు లేకుండా అన్న మాట దగ్గర కూడా కాస్త ఆగాలి. సూట్ పేరుతో తూకంలో కొంత కోసేయడం మన చీనీ రైతులకు ఎంత మంటో మీకు తెలియంది కాదు. అయినా మళ్లీ ఆ మండీకే ఎందుకు పోతారు? ఎరువులకో, బోరుకో, బిడ్డ పెళ్లికో ముందుగా డబ్బిచ్చినవాడు అక్కడే కూర్చున్నాడు కాబట్టి. ఆ బాకీ ఉన్న రైతు, మీవాడు కిలోకు రూపాయి ఎక్కువిస్తానన్నా కాయ ఇవ్వలేడు. యాప్‌లో ధర చూపించినంత మాత్రాన ఈ ముడి ఊడదు. కాబట్టి అప్పు లేని రైతుల్ని వెతుక్కోవాలి, లేదా మండీవాళ్లతోనే కలిసి పనిచేయాలి. రెండోది చెబితే మీవాడు మొహం మాడ్చుకుంటాడు, తెలుసు. బెంగళూరులోనే ఉన్న నింజాకార్ట్ 2015లో ఇళ్లకు సరుకులు చేరవేసే కంపెనీగా మొదలై, తర్వాత రైతుల నుంచి దుకాణాలకు అందించే పనికి మారింది. మొదట అనుకున్నదాన్నే పట్టుకుని కూర్చోనక్కర్లేదు. పైగా అలాంటి పెద్ద కంపెనీ తిరిగే ఊళ్లోనే మీవాళ్లూ అమ్మాలి.

బకాయిల గురించి అడిగితే, చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు కట్టాలని చట్టం ఉంది కదా అంటాడు. ఉంది, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం. అది తయారీ, సేవల సంస్థలకు. మీవాళ్లలా కొని అమ్మేవాళ్లు ఉద్యమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నా, అది బ్యాంకుల్లో ప్రాధాన్య రంగ రుణాల వరకే పనికొస్తుంది. ముద్ర రుణం 20 లక్షల దాకా ఇస్తారని కూడా వినుంటాడు. ఆ పై మెట్టు, ముద్రలోనే 10 లక్షల దాకా ఇచ్చే తరుణ్ రుణం ఇదివరకు తీసుకుని సక్రమంగా తీర్చినవాళ్లకు. కొత్తగా వచ్చేవాళ్లకు 10 లక్షలు దాటదు.

ముగ్గురికీ సమాన వాటాలనే అనుకుని ఉంటారు, స్నేహితులు కదా. మరి ముగ్గురూ ఉద్యోగం మానేస్తున్నారా? ఒకడు జీతం తీసుకుంటూ శనివారాలు మాత్రం వచ్చి, ఇంకొకడు తెల్లవారుజామున 4 గంటలకు తోటలో నిలబడితే, ఆర్నెల్లకు మాటలు మొదలవుతాయి. వాటాలు మొదటి రోజే ఎవరి చేతికీ పూర్తిగా రాకూడదు. ఏడాది నిండాక నాలుగో వంతు, మిగతాది వచ్చే 3 ఏళ్లలో కొద్దికొద్దిగా దక్కేలా, మధ్యలో వెళ్లిపోయినవాడు మిగతాది వదులుకునేలా కాగితం మీద రాసుకోవాలి. స్నేహితుల మధ్య కాగితాలేంటని ఎవరైనా అంటే, ఆ అన్నవాడి చేతే ముందు సంతకం పెట్టించాలి.

రిజిస్ట్రేషన్‌కు తొందరేమీ లేదు. ప్రైవేట్ లిమిటెడ్ పెడితే ఒక్క కాయ అమ్మకపోయినా ఏటా ఆడిట్ తప్పదు, వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము. ఎల్ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థ, ఈ దశకు తేలిక. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే స్టార్టప్ ఇండియా గుర్తింపు దానికీ వస్తుంది. ఆ గుర్తింపు చూసి ఎవరూ డబ్బు తెచ్చి పోయరనుకోండి, అది వేరే సంగతి.

ఇక నా సలహా. అబ్బాయి ఇప్పుడే రాజీనామా చేయకూడదు. ముగ్గురూ తమ జీతాల్లోంచి తలా లక్ష వేసుకుని, వచ్చే కాపులో రెండు, మూడు తోటల కాయే తీసుకుని, డబ్బు వెంటనే ఇచ్చే జ్యూస్ షాపులకే అమ్మాలి. సూపర్ మార్కెట్ల జోలికి వెళ్లొద్దు. యాప్ అక్కర్లేదు, వాట్సాప్ చాలు. కాపు అయ్యాక మూడు విషయాలు మీకు చూపించాలి: ఎంత కాయ పాడైంది, డబ్బు ఎన్ని రోజులకు వచ్చింది, మొదట కొన్న షాపుల్లో ఎన్ని మళ్లీ కొన్నాయి. స్టార్టప్‌లకు చేయూత కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు అనంతపురంలోనూ కేంద్రం ఉంది. ఆ లెక్కలు పట్టుకుని అక్కడికి వెళ్లి, తెలిసినవాళ్ల చేత నాలుగు చీవాట్లు తిని రమ్మనండి. అప్పుడు కూడా మీరు ఏదైనా ఇవ్వాలనుకుంటే, మొత్తం పోయినా మీ మందులకు, ఇంటి ఖర్చులకు లోటు రాని మొత్తమే ఇవ్వండి. దాన్ని అప్పుగానో వాటాగానో రాయించుకోండి.

సంబంధాల విషయంలో దాపరికం వద్దు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని చెప్పి పెళ్లి చేసి, ఆర్నెల్లకు రాజీనామా అంటే అవతలివాళ్ల కోపంలో న్యాయం ఉంటుంది. ఆలోచన ముందే చెబితే కొన్ని సంబంధాలు తప్పిపోతాయి. పోనివ్వండి.

కంపెనీ అప్పు కంపెనీదే కదా, నాన్న ఇల్లు ఎక్కడికి పోతుంది అని మీవాడు అనవచ్చు. బ్యాంకు మేనేజరు హామీదారు కాగితం ముందు పెట్టి మీరు సంతకం చేసేదాకా ఆ మాట నిజమే. ఆ సంతకం పడ్డాక కంపెనీ కట్టలేని బాకీకి బ్యాంకు నేరుగా మీ దగ్గరికే వస్తుంది. కాబట్టి ఏ కాగితమైనా ఇంటికి తెచ్చుకుని, మీరూ మీ ఆవిడా చదివి, తెలిసిన వకీలుకు చూపించాకే పెన్ను తీయండి.