లోడు ఎత్తే ముందు దింపే చోటు చూడు

చిరంజీవి చిన్నాకి,

అత్తయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి సొంత లారీ కొంటున్నావని మీ చెల్లి ఫోన్లో చెప్పింది. విన్నప్పటి నుంచీ ఏ పనీ చేతికి రావడం లేదు. మన ఇంట్లో మళ్లీ ఒకడు సొంత బండి ఎక్కుతున్నాడంటే గర్వంగా ఉంది. ఆ వెనకే భయమూ పట్టుకుంది. ఇంత పెద్ద సంగతి నువ్వు చెప్పకుండా దాని చేత చెప్పిస్తావా? వద్దంటాననుకున్నావా? వద్దననురా. కానీ నాలుగు మాటలు చెప్పకుండా ఊరుకోను. స్టీరింగు పట్టింది మీ మామయ్యే అయినా, ఆ లారీ లెక్కలన్నీ రాసింది నేను. ఏ ట్రిప్పు మిగిల్చిందో, ఏది ముంచిందో ఆయనకంటే ముందు నాకే తెలిసేది.

కాగితాలు, ఇన్సూరెన్సు, బ్రేకులు, టైర్లలో గాలి, ఇవన్నీ నీకు తెలిసినవే. సరుకు ఎక్కించాక ఒకసారి, కొంతదూరం పోయాక ఇంకోసారి తాళ్లు బిగించుకోవడం కూడా నీకు చెప్పక్కర్లేదు. లోడు ఉందని ఫోన్ వచ్చినప్పుడు నువ్వేమంటావన్నదే నా బెంగ. జీతానికి నడిపినన్నాళ్లూ ఒప్పుకునేది ఎవరో, తోలేది నువ్వు. ఇకమీదట రెండూ నీవే.

కిరాయి ఎంతని చివర్లో అడుగు. ఎక్కడ దింపాలో ముందు అడుగు. వెయ్యి కిలోమీటర్ల లోడు వచ్చిందనుకో. దింపిన చోట సరుకు లేక, ఇంకో నాలుగు వందల కిలోమీటర్లు ఖాళీగా పోతేగానీ తర్వాతి లోడు దొరకదనుకో. ఆ కిరాయిని 1,000తో కాదు, 1,400తో భాగించాలి. కిలోమీటరుకి పది వస్తుందనుకున్నది ఏడు చిల్లరకి దిగుతుంది. ఖాళీ బండి డీజిల్ తక్కువ తాగుతుంది కదా అంటావేమో. తక్కువే, కానీ సగానికి సగం తగ్గదు. దానికి తోడు నీ రోజు కూడా పోతుంది.

ఆ రోజుకీ ఖరీదుంది. కిస్తీ, ఇన్సూరెన్సు, పన్ను చక్రం తిరిగినా తిరక్కపోయినా రోజు లెక్కన పడుతూనే ఉంటాయి. డీజిల్, టైర్లు, టోలు కిలోమీటరు లెక్కన పడతాయి. రెండూ విడివిడిగా రాసుకో. నీ డ్రైవరు జీతం కూడా ఖర్చులోనే రాయి. సొంత బండివాళ్లు చాలామంది దాన్ని వదిలేస్తారు. తమ జీతాన్నే లాభమనుకుని ఏళ్ల తరబడి నడిపి, ఇంజను పనికొచ్చేసరికి చేతిలో ఏమీ లేక కూర్చుంటారు.

తక్కువ కిరాయి లోడల్లా చెడ్డదీ కాదు. ఫ్యాక్టరీలూ, గోడౌన్లూ, ఓడరేవూ ఉన్న చోటికి పోయేదైతే మర్నాడే ఇంకో లోడు ఎక్కుతుంది. అలాంటి చోటికి కాస్త తగ్గినా వెళ్లు. ఎవరైనా మామూలుకన్నా బాగా ఎక్కువ ఇస్తామంటే మాత్రం ఎందుకిస్తున్నారని అడుగు. చాలాసార్లు అక్కడి నుంచి వచ్చేటప్పుడు సరుకు ఉండదు. ఆ ఖాళీ దూరం ఖర్చును కిరాయిలో కలిపి ఇస్తున్నారన్నమాట. నువ్వది లాభమనుకుంటావు.

మీ మామయ్య అలాగే అనుకున్నారు. ఈ సంగతి మీ నాన్నకి తప్ప ఎవరికీ తెలియదు. బండి కొని అప్పటికి ఏడాది కూడా కాలేదు. కిస్తీ తేదీ ముంచుకొస్తోంది. అంతకుముందెన్నడూ పోని దూరానికి, మామూలు కిరాయికి దాదాపు రెట్టింపిస్తామని ఒక బ్రోకరు ఫోన్ చేశాడు. ఈయన ఇంకో ప్రశ్న అడక్కుండా సరేనన్నారు. పుస్తకంలో జమ వైపు ఆ అంకె రాస్తుంటే పక్కనే నిలబడి చూసి మురిసిపోయారు.

అక్కడ గేటు బయట రెండు రోజులు నిలబెట్టారు. హాల్టింగు, అంటే బండిని ఆపి ఉంచినందుకిచ్చే డబ్బు సంగతి ముందే మాట్లాడుకోలేదు కాబట్టి దానికేమీ ఇవ్వలేదు. దింపాక రిటర్ను లోడు లేదు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "రేపు దొరుకుతుందిలే" అనేవారు. ఖర్చు వైపు రోజుకో వరుస చేరుతోంది. జమ వైపు ఆ ఒక్క అంకే. వారం దాటేసరికి రెండువైపులా సమానమైంది. ఆ తర్వాత ఖర్చే పైకి పోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. చివరికి ఇనుప కడ్డీల లోడొకటి దొరికింది. బండి మోయాల్సిన దానికంటే ఎక్కువ బరువు, తెల్లారేసరికి చేర్చాలని గడువు. ఇంకెప్పుడైనా అయితే కాటా దగ్గరే దించెయ్యమనేవారు. ఆరోజు మారు మాట్లాడకుండా ఎక్కించుకుని, పగలంతా లోడింగు దగ్గర నిలబడి, రాత్రంతా నడిపారు. తెల్లవారుజామున వెనక టైరు పేలింది. బండి రోడ్డు దిగి ఒరిగి ఆగింది. మనిషికేమీ కాలేదు. ఫోన్లో టైరు పోయిందని మాత్రమే చెప్పారు. ఇంటికొచ్చిన చాలారోజులకి, లైటు తీసేశాక, మెల్లగా చెప్పారు: ఆ టైరు పేలిన చప్పుడుకే తనకి మెలకువ వచ్చిందని.

చిన్నా, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. మొదటి లోడు డబ్బు తిన్నది. రెండోది మనిషినే తినబోయింది. రెండోదాన్ని కాదనే శక్తి ఆయనకి మొదటిది మిగల్చలేదు. చేతిలో డబ్బుంటేనే నోటికి వద్దనే మాట వస్తుంది. కనీసం రెండు మూడు కిస్తీలకి సరిపడా సొమ్ము, పైన ఒక ట్రిప్పు డీజిలుకి కావలసింది, విడిగా దాచి ముట్టుకోకు. అంత లేదంటే పాత బండి కొను, చిన్న బండి కొను, లేదా ఇంకో ఏడాది జీతానికే నడుపు. కొత్త బండి మోజులో చేతిలో ఉన్నదంతా షోరూములో పోసి రావద్దు.

గడువున్న లోడు ఒప్పుకునే ముందు, ఎన్ని గంటలు నడపాలో కాదు, నిద్ర లేచి ఎన్ని గంటలవుతుందో లెక్కపెట్టు. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చేతులూ చూపూ రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి తీరుకి వస్తాయని పరీక్షించి తేల్చారు. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలని చట్టమే ఉంది. నీ మీద ఏ చట్టం ఉన్నా లేకున్నా నువ్వు ఆగు. ఆలస్యమైతే ఆ సరుకిచ్చే పార్టీ పోతుంది. పోనీ.

బరువు విషయంలో ఎవరి మాటా వినకు. "కొంచెమే కదా" అంటారు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇలినాయ్‌లో రోడ్ల మీద లారీలు తిప్పి చూశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి నష్టం దాదాపు 16 రెట్లవుతుందని ఆ లెక్కల్లో తేలింది. అక్కడ దెబ్బతినేది రోడ్డు, ఇక్కడ వేడెక్కేది నీ టైరు. ఎక్కువ బరువుకిచ్చే అదనపు కిరాయి ఒక్క టైరుకి రాదు. దూది, ఫోము, ఖాళీ డబ్బాలు లాంటి తేలిక సరుకును చులకనగా చూడకు. డీజిల్ మిగులుతుంది, బ్రేకులు మాట వింటాయి. స్టీలు కాయిళ్లు, అంటే చుట్టలుగా చుట్టిన స్టీలు రేకులు మాత్రం గొలుసులు కట్టడం బాగా నేర్చుకునేదాకా ముట్టుకోకు. గట్టిగా బ్రేకు వేస్తే కాయిల్ క్యాబిన్ మీదికే వస్తుంది.

డబ్బు సంగతి నీకూ తెలుసు, అయినా చెప్తాను. అడ్వాన్సు కనీసం డీజిలుకి సరిపోవాలి. బాలెన్సు ఎవరిస్తారో, ఎన్ని రోజులకిస్తారో, హాల్టింగు ఎన్ని గంటల తర్వాత మొదలవుతుందో, దింపుడు కూలి ఎవరిదో మెసేజ్‌లో రాయించుకో. గేటుకి చేరిన టైముకి ఫోటో తీసుకో. సంతకం, స్టాంపు ఉన్న రసీదు చేతికి రానిదే అక్కణ్ణుంచి కదలకు. కొత్త బ్రోకరైతే అతనికి తోలిన ఇద్దరు డ్రైవర్లని కనుక్కో. కిరాయి కాస్త తక్కువైనా చెప్పిన రోజుకి డబ్బిచ్చి, నెల నెలా సరుకిచ్చే పార్టీ ఒకటి దొరికితే వదులుకోకు. మనల్ని నిలబెట్టింది చివరికి అలాంటి పార్టీయే.

ఫైనాన్సు కాగితాల మీద ఇంకా సంతకం పెట్టలేదు కదా? పెట్టే ముందు కిస్తీ ఎంతో, ఎన్ని నెలలో నాకు పంపు. మొదటి లోడు ఒప్పుకునే ముందు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. మీ మామయ్య కూడా మాట్లాడతానంటున్నారు. నీకోసం ఒక లెక్కల పుస్తకం గీతలు కొట్టి ఉంచాను. ఖాళీ కిలోమీటర్లకి ఒక గడి, పడుకున్న గంటలకి ఒక గడి విడిగా పెట్టాను. రెండూ నిజమే రాయాలి. ఇంటికొచ్చినప్పుడల్లా చూస్తాను.

ప్రేమతో,
అత్తయ్య