కోచ్‌గా చేరబోతున్న మేనకోడలికి

కోడలా,

నల్లగొండలో డిగ్రీ కాలేజీ ఆడపిల్లలకు టెన్నిస్ కోచ్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నువ్వు ఆట వదిలేశావని ఆయనకు దిగులు. నాకు ఆ దిగులు లేదు. అంతర్జాతీయ మహిళల టెన్నిస్‌లో అన్నిటికన్నా కింది మెట్టైన డబ్ల్యూ15 టోర్నమెంట్లలో నువ్వు ఎంత నలిగావో నాకు తెలుసు. ప్రైజ్ మనీ మొత్తం 15,000 డాలర్లంటే వినడానికి బాగానే ఉంటుంది. మొదటి రౌండులో ఓడిన పిల్ల చేతికొచ్చేది మాత్రం హోటల్ బిల్లుకు కూడా చాలదు. రాకెట్‌కు గట్టింగ్, అంటే తీగలు బిగించడం, చేయించుకునే డబ్బులు సైతం లెక్క చూసుకుంటూ ఇన్నేళ్లు ఆడావు. సానియా మీర్జా మణికట్టు గాయంతో సింగిల్స్ వదులుకుని, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. అదే ఏడాది స్విట్జర్లాండ్ ప్లేయర్ మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ గెలిచింది. దారి మార్చుకుంటే ఆట పోయినట్టు కాదని మీ నాన్నకు నేనే నచ్చజెప్తాను.

ఇక నీ సంగతి. నువ్వు చిన్నప్పుడే రాకెట్ పట్టావు. నీ దగ్గరికి వచ్చేవాళ్లు పద్దెనిమిదేళ్లకు పడతారు. దేవరకొండ నుంచి, మిర్యాలగూడ నుంచి, జెడ్పీ హైస్కూల్లో ఖోఖో, కబడ్డీ ఆడి వస్తారు. వాళ్లకు ఏం రాదో వెతుకుతూ కూర్చుంటే నెల తిరిగేసరికి నీకు విసుగొస్తుంది, వాళ్లకు భయం పట్టుకుంటుంది. ఏం వచ్చో చూడు. ఖోఖో పిల్ల నడుము వంచి, ఒక్క అడుగులో దిశ మార్చేస్తుంది. ఆ కాళ్లు అకాడమీ పిల్లలకు అంత తేలిగ్గా రావు. వాలీబాల్ ఆడిన పిల్లకు చెయ్యి పైకెత్తి కొట్టడం అలవాటే కాబట్టి సర్వీస్ త్వరగా పట్టుకుంటుంది. ఎవరికి ఏ ఆట ఉందో మొదటివారంలోనే నోట్‌బుక్‌లో రాసుకో.

మామూలు బంతితో మొదలుపెట్టకు. మామూలు దానికన్నా 25 శాతం నెమ్మదిగా వచ్చే గ్రీన్ బాల్స్ తెప్పించు. చిన్నపిల్లల బంతులని ఎవరైనా అంటే అననీ. ర్యాలీలో పది బంతులు వరసగా నెట్ దాటితే ఆ పిల్ల మర్నాడు పిలవకుండానే వస్తుంది. నెట్ ఎత్తు రోజూ చూసుకో. మధ్యలో 3 అడుగులు ఉండాలి. రాకెట్‌ను నిలువుగా పెట్టి, దాని మీద ఇంకో రాకెట్ తల అడ్డంగా ఆనిస్తే ఇంచుమించు అంతే వస్తుంది. కొలవడం పిల్లలకే అప్పగించు. మేలో నల్లగొండ ఎండ సంగతి నీకు చెప్పనక్కర్లేదు, తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎనిమిదిలోపు ముగించు. పరగడుపున మాత్రం ఆడనివ్వకు. పల్లీ పట్టీ, అరటిపండు దగ్గర పెట్టుకో. రక్తం తక్కువగా ఉన్న పిల్లలు మన దగ్గర చాలామంది ఉంటారు. కళ్లు తిరిగాయంటే సాకులు చెబుతుందనుకోవద్దు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు.

మ్యాచ్‌లో కోర్టు పక్కన కూర్చుని మాట్లాడే అవకాశం ఉన్నప్పుడు ఎండ్ మారే టైమ్, అంటే ఆడేవాళ్లు కోర్టులో అటువాళ్లు ఇటు మారే విరామం, 90 సెకన్లే. అంతసేపట్లో నీకు తెలిసిందంతా చెప్పాలనిపిస్తుంది. ముందు నీళ్లు తాగనీ. తర్వాత "అవతలి పిల్ల ఏం చేస్తోంది?" అని అడుగు. జవాబు విని ఒక్క మాటే చెప్పు. "రిటర్న్ మధ్యలోకి ఆడు" అంటే చాలు. టెన్షన్‌లో ఉన్న పిల్లకు రెండో మాట చెవిన పడదు.

కోర్టు బయట పని ఇంకా ఎక్కువ. పత్తి తీసే రోజుల్లో సగంమంది ఊళ్లకు పోతారు. కోప్పడకు, ఎన్నాళ్లు రారో ముందే అడిగి టీమ్ ప్రాక్టీస్ దాన్నిబట్టి పెట్టుకో. వేరే ఊరికి పోటీలకు తీసుకుపోవాలంటే పర్మిషన్ లెటర్ పంపి ఊరుకోకు. ఇంటికి పోయి తల్లితో మాట్లాడు. ఎక్కడ పడుకుంటారు, వెంట ఎవరుంటారు, ఎప్పుడు తిరిగొస్తారు, ఇవే ఆమె అడుగుతుంది. ఆడమనిషివి నువ్వే వెళ్లి చెప్తే ఆమెకు ధైర్యం. మహాత్మాగాంధీ యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ పోటీలు ఆడిన ప్రతి పిల్ల సర్టిఫికెట్‌కు జిరాక్స్ తీసి ఫైల్‌లో పెట్టు. స్పోర్ట్స్ కోటాలో కేంద్ర ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు ఆ పిల్ల యూనివర్సిటీ తరఫున ఆడిందని యూనివర్సిటీయే రాసిచ్చే ఫారం-3 అడుగుతారు. అప్పుడు కాగితాలు దొరక్క ఏడ్చిన పిల్లలను చూశాను.

కాలేజీకి టెన్నిస్ ఎందుకని ప్రిన్సిపాల్ అడిగితే మన దేశం తరఫున ఆడిన టెన్నిస్ ప్లేయర్ సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ పేరు చెప్పు. వర్జీనియా యూనివర్సిటీలో చదువుకుంటూ 2007లో, 2008లో అమెరికా కాలేజీల సింగిల్స్ ఛాంపియన్ అయ్యాడు. మన తెలుగు టెన్నిస్ ప్లేయర్ సాకేత్ మైనేని కూడా అలబామా యూనివర్సిటీలో ఆడి వచ్చినవాడే. పిల్లల ముందు మాత్రం ఈ పేర్లు తేవద్దు. నిన్నగాక మొన్న రాకెట్ పట్టినవాళ్లకు అవి బరువే.

నీ గురించి కూడా ఆలోచించుకో. కాంట్రాక్టు ఉద్యోగం ఎప్పుడూ గాల్లో దీపమే. సెలవుల్లో కోచ్‌లను తయారుచేసే పటియాలా ఎన్‌ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్)లో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు చెయ్యి. వీలైతే డిప్లొమా కూడా. రేపు కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ పోస్టు కావాలంటే వ్యాయామ విద్యలో పీజీ అయిన ఎంపీఎడ్, దానిమీద నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష పాసై ఉండాలి. నీ ర్యాంకింగ్ ఎంత గొప్పదైనా ఆ పోస్టుకు అర్హత కాదు. ఎంపీఎడ్‌కు ముందు బీపీఎడ్ కావాలి, అందుకే దాని అప్లికేషన్ ఈ ఏడాదే వెయ్యి, ఫీజు సంగతి నేను చూసుకుంటా.

చేరగానే కోర్టు ఫొటోలు వాట్సాప్‌లో పంపు. పగుళ్లుంటే ముందు అవి బాగుచేయించాలి, ఎస్టిమేట్ లెటర్ ఎట్లా రాయాలో ఫోన్‌లో చెప్తాను.

నీ మేనత్త,
పాలమూరు