అమ్మాయి అణు విద్యుత్ కేంద్రంలో చేస్తానంటోంది, మెకానికల్ సరిపోతుందా?

నరసరావుపేట నుంచి ఒక నాన్నగారు అడిగారు, వాళ్ల అమ్మాయి బీటెక్ మెకానికల్ రెండో ఏడాది, అణు విద్యుత్ కేంద్రంలోనే ఉద్యోగం చేస్తానంటోందట, న్యూక్లియర్ ఇంజినీరింగ్ చదవకపోతే అక్కడ పనేముంటుంది, పైగా రేడియేషన్ అంటే భయం అని.

సార్, అక్కడ మెకానికల్ వాళ్లకి చేతినిండా పని. కర్ణాటకలో కైగా అణు కేంద్రం చూడండి, 220 మెగావాట్ల యూనిట్లు నాలుగు. యురేనియం కేంద్రకాలు చీలితే పుట్టే వేడిని భారజలం (మామూలు హైడ్రోజన్ బదులు బరువైన హైడ్రోజన్ ఉండే నీరు) తీసుకెళ్లి స్టీమ్ జనరేటర్లో మామూలు నీళ్లకి ఇస్తుంది, అవి ఆవిరై టర్బైన్ తిప్పుతాయి, ఇక అక్కణ్ణుంచి మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో జరిగేదే, బొగ్గు బాయిలర్ బదులు రియాక్టర్ అంతే.

ఒక్కో రియాక్టర్లో 306 గొట్టాలు అడ్డంగా ఉంటాయి, ఒక్కోదాంట్లో అర మీటరు పొడవుండే ఇంధన బండిళ్లు 12, వీటిని చేసేది మన హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్)లోనే. ప్లాంట్ నడుస్తుండగానే ఫ్యూయలింగ్ మెషీన్ ఒకటి ఈ చివర కొత్త బండిల్ తోస్తే అటు చివర ఇంకోటి వాడేసింది అందుకుంటుంది, ఇంధనం మార్చడానికి ఆపక్కర్లేదు కాబట్టే కైగా మొదటి యూనిట్ 2018 డిసెంబర్ 31 దాకా 962 రోజులు ఏకధాటిగా నడిచింది. ఆ మెషీన్ మెయింటెనెన్స్ ఎవరిదనుకుంటున్నారు మరి!

రియాక్టర్ ఆపేసినా వేడి వెంటనే పోదు, మొదట్లో పూర్తి సామర్థ్యంలో ఆరేడు శాతం ఉంటుంది, పంపులు తిరుగుతూనే ఉండాలి. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో సునామీకి డీజిల్ జనరేటర్లు మునిగి కూలింగ్ ఆగడం వల్లే అంత ప్రమాదం జరిగింది. అందుకే పంపులు, వాల్వులు, డీజిల్ సెట్లు చూసేవాళ్లది అక్కడ చిన్న ఉద్యోగం కాదు.

రేడియేషన్ సంగతికొస్తే, రేడియేషన్ ఉండే చోట పనిచేసేవాళ్లకి ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జ్ ఉంటుంది, ఎంత డోసు తగిలిందో రికార్డవుతుంది. అణు భద్రత చూసే ప్రభుత్వ నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (డోసు కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. నన్నడిగితే మీరు ఆలోచించాల్సింది ఊరి గురించి. కైగా, రావత్‌భాటా, కాక్రపార్, నరోరా, అన్నీ దూరమే, టౌన్‌షిప్ జీవితం, ఆపరేషన్స్‌లో వేస్తే నైట్ షిఫ్టులు, మన రెండు రాష్ట్రాల్లో నడుస్తున్న అణు కేంద్రం లేదు, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ కేంద్రం ఇంకా ప్రతిపాదనే. అది అమ్మాయితో కూర్చుని మాట్లాడండి.

దారి మాత్రం గేట్. మెకానికల్‌లో మంచి స్కోరొస్తే ఈ కేంద్రాల్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్‌లో ఎగ్జిక్యూటివ్ ట్రైనీకి ఇంటర్వ్యూ, బీటెక్‌లో 60 శాతం తగ్గకూడదు, తీసుకున్నాక న్యూక్లియర్ సంగతులన్నీ వాళ్లే ట్రైనింగ్‌లో నేర్పిస్తారు, దానికోసం లక్షలు పోసి విడిగా కోర్సులు కొనకండి. ఇప్పట్నుంచి థర్మో, ఫ్లూయిడ్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ గట్టిగా చదవమనండి చాలు.