పాతిక వేల కాంట్రాక్టు గురించి

అల్లుడూ,

ఫంక్షన్ హాల్ సైటు కోసం నువ్వు పంపిన కాంట్రాక్టు కాగితం మొత్తం చదివాను. బెంగళూరు మారతహళ్లి పీజీలో కూర్చుని ఇంటర్వ్యూ కాల్స్ కోసం చూసేవాడికి పాతిక వేలంటే చేయి ఆగదు, తెలుసు. డబ్బు తక్కువని నేను వద్దనను. మొదటి పనికి ఎవరైనా తక్కువే ఇస్తారు. నా పేచీ అంతా మూడో క్లాజుతోనే: "క్లయింటుకు తృప్తి కలిగేవరకు మార్పులు చేయాలి." ఆ తృప్తి ఎప్పటికి కలుగుతుందిరా?

ఫంక్షన్ హాల్ బుకింగ్ సైట్ మూడు వారాల్లో అయిపోతుందని నీ లెక్క. అవుతుంది కూడా. ఆ తర్వాత మొదలవుతుంది అసలు కథ. కన్నడలో కూడా పెట్టమంటారు, బుకింగ్ క్యాన్సిలైతే రీఫండ్ కావాలంటారు, ఓనరు బావమరిదికి వేరే లాగిన్ అడుగుతారు. రోజుకు ఏడు గంటలు, వారానికి ఆరు రోజుల చొప్పున పని ఆరు వారాలు సాగిందనుకో, 252 గంటలు. గంటకు వంద రూపాయలు కూడా పడదు.

అందుకని రేటు పెంచమని బతిమాలకు, పని తగ్గించు. ఏయే స్క్రీన్లు ఇస్తావో పేరుపేరునా రాయి. రెండు విడతల మార్పులు ఉచితం, ఆపైన గంటకు ఇంత అని పెట్టు. సైటులో డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే అకౌంటు, దాని కేవైసీ వాళ్ల పేరు మీదే ఉండాలి. "ప్రస్తుతానికి నీ పేరు మీద తెరిచెయ్" అంటే ఒప్పుకోకు. పెళ్లివాళ్ల అడ్వాన్సులన్నీ నీ ఖాతాలో పడితే రేపు రీఫండ్ గొడవలూ నీ నెత్తినే పడతాయి. హోస్టింగ్, ఎస్ఎంఎస్ ఖర్చులు కూడా వాళ్లవే.

కోడ్ హక్కులు సంతకం పెట్టిన రోజే వాళ్లవైపోతాయని రాశారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, నువ్వు ఉద్యోగివి కాదు కాబట్టి, రాసిచ్చేదాకా కోడ్ నీదే. "పూర్తి డబ్బు అందాక" అని మార్పించు. నీ చేతిలో ఉన్న పట్టు అదొక్కటే. స్క్రీన్‌షాట్లు నీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే అనుమతి కూడా రాయించు. ఈ ధరకు పని చేయడంలో నీకు మిగిలే లాభం సగం అదే.

రెండేళ్లు మరే హాలుకీ సైటు చేయకూడదన్న షరతు 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు నిలవడం కష్టం, ఒకరి వృత్తిని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవనేదే ఆ సెక్షన్. అయినా కొట్టేయించు, తర్వాత వాదన ఎందుకు.

ముందు నలభై శాతం అడ్వాన్స్ అడుగు. ముప్పైకి దిగు, సున్నాకి దిగకు. పైసా ఇవ్వకుండా మొదలుపెట్టమనేవాడు చివర్లో ఇస్తాడని నాకు నమ్మకం లేదు. అలాంటి పని వదిలేసి ఆ మూడు వారాలూ నీ సొంత ప్రాజెక్టు చేసుకోవడమే మేలు.

మా అక్కకి ఇవన్నీ చెప్పకు, టెన్షన్ పడుతుంది. సవరణలన్నీ మెయిల్లోనే అడుగు. కాల్లో "సరే బ్రో" అన్నమాటకి రేపు సాక్ష్యం ఉండదు. పంపేముందు డ్రాఫ్ట్ నాకు పెట్టు, ఆదివారం చూస్తాను.

మీ మావయ్య