మల్లెతోట నిండా ఆకే, మొగ్గ ఏది?

ప్రశ్న: అయ్యా, మాది ఎన్టీఆర్ జిల్లా మైలవరం దగ్గర పల్లె. అరెకరంలో 1,200 గుండుమల్లె మొక్కలు ఉన్నాయి. తోటకు నాలుగో ఏడు నడుస్తోంది. పోయిన వేసవిలో పూలు బాగా వచ్చాయి. ఆ తర్వాత డ్రిప్ వేయించాం. ఆగస్టు నుంచి జనవరి దాకా నెలకు రెండు బస్తాల యూరియా వేశాం, ఒక ట్రాక్టరు కోళ్ల ఎరువు కూడా తోలించాం. తోట నడుమెత్తు పెరిగి నల్లగా నిగనిగలాడుతోంది. మార్చి సగం గడిచినా మొగ్గ లేదు. పక్క తోటలో రోజూ కోస్తున్నారు. పురుగుమందుల కొట్టులో పూత మందు కొట్టమంటున్నారు. కొట్టమంటారా? ఇంకొక సంగతి. పెరట్లో చామంతి రెండు వరుసలు వేశాం. ఇంటివైపు వరుస పూసింది. వీధివైపు వరుస చలికాలమంతా ఆకుతోనే ఉండిపోయింది. ఎందుకు?

జవాబు: పూత మందు కొట్టవద్దు. ఆ డబ్బు మిగుల్చుకోండి. మీరు రాసినదాంట్లో అసలు సంగతి చెప్పే మాట ఒకటుంది. పోయిన వేసవిలో పూలు వచ్చాయి, ఆ తర్వాత డ్రిప్ వేయించారు. డ్రిప్ మంచిదే, తప్పు దానిది కాదు. అంతకు ముందు చలికాలంలో మీ తోటకు నీళ్లు అంత తేలిగ్గా అంది ఉండవు. మొక్క ఎండి, ఆకు రాల్చి, కొన్నాళ్లు ఎదుగుదల ఆపేసి ఉంటుంది. మల్లెకు కావలసింది ఆ ఎండబెట్టడమే. ఈ చలికాలంలో డ్రిప్‌తో రోజూ తడి అందింది, పైన యూరియా పడింది. ఇక మొక్క ఆగి మొగ్గ తొడగాల్సిన అవసరమే లేకపోయింది.

యూరియా లెక్క ఒకసారి చూద్దాం. ఆరు నెలల్లో 12 బస్తాలు, అంటే 540 కిలోలు. 1,200 మొక్కలకు పంచితే ఒక్కోదానికి 450 గ్రాములు. అందులో నత్రజని దాదాపు 207 గ్రాములు. పూత పట్టే వయసు మల్లెకు ఏడాది మొత్తానికి 60 గ్రాముల నత్రజని, 120 గ్రాముల భాస్వరం, 120 గ్రాముల పొటాష్ సరిపోతాయి. మీరు నత్రజనిని మూడున్నర రెట్ల దాకా వేశారు. కోళ్ల ఎరువులో ఉన్నది దీనికి అదనం, అందులో నత్రజని పశువుల ఎరువులో కంటే చాలా ఎక్కువ. భాస్వరం, పొటాష్ వేసినట్లు మీరు ఎక్కడా రాయలేదు.

రేపు పొద్దున తోటలోకి వెళ్లి బాగా ఏపుగా ఉన్న ఒక కొమ్మను వంచి చూడండి. కణుపుకూ కణుపుకూ మధ్య దూరం బాగా సాగి, కొసన లేత ఆకుల జత ఒకటి విచ్చుకుంటూ ఉంటే, ఆ కొమ్మ ఇంకా పెరుగుదలలోనే ఉంది. పూతకు వచ్చిన కొమ్మ ఇలా ఉండదు. పొట్టిగా ఉండి, కొసన ఆకుకు బదులు చిన్న మొగ్గల గుత్తి ఉంటుంది. చాలాసార్లు మధ్యలో ఒకటి, దానికి చెరోపక్క ఒకటి చొప్పున మూడు మొగ్గలు కనిపిస్తాయి. నాలుగైదు వరుసల్లో ఇలా చూస్తే ఎక్కడెక్కడ ఎంత పూత వస్తుందో మీకే తెలిసిపోతుంది. ఒకవేళ మొగ్గలు పుట్టి పాడవుతున్నాయేమో కూడా ఇదే చూపులో పట్టుకోండి. మొగ్గకు చిల్లి ఉండి, గూడు, రెట్ట కనిపిస్తే మొగ్గ తొలుచు పురుగు. మొగ్గ ఊదా రంగుకు తిరిగి వాడిపోతే మొగ్గ ఈగ. అప్పుడు సంగతి వేరు, మందు అవసరమవుతుంది. మీరు చెప్పినట్లు మొగ్గే లేకపోతే ఏ మందూ పనిచేయదు.

ఇప్పుడు ఏం చేయాలి? యూరియా పూర్తిగా ఆపండి, జూన్ దాకా దాని జోలికి వెళ్లవద్దు. ఒక్కో మొక్కకు 375 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు, 100 గ్రాముల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ తీసుకుని, మొదలుకు అడుగు దూరంలో చుట్టూ చిన్న గాడి చేసి వేసి, మట్టి కప్పండి. ఆ తర్వాత డ్రిప్ కట్టేయండి. ఎన్ని రోజులన్నది మీ నేలను బట్టి ఉంటుంది, ఎర్ర నేల త్వరగా ఆరుతుంది, నల్ల నేల ఆలస్యంగా ఆరుతుంది. రోజులు లెక్కపెట్టడం కంటే ఆకును చూడటం మేలు. మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రానికి తేరుకుంటున్నంత వరకు ఆగవచ్చు. సాయంత్రానికి కూడా తేరుకోకపోతే మళ్లీ నీళ్లు వదలండి. ఈ ఎండల్లో అంతకు మించి మొక్కను మాడ్చకూడదు.

నీళ్లు ఆపిన రోజుల్లోనే పొడుగ్గా సాగిన కొమ్మల కొసలను జానెడు చొప్పున తుంచేయండి. మల్లె పూసేది కొత్త చిగురు మీదే. తుంచిన చోట కింది కణుపుల నుంచి చిగుళ్లు వచ్చి మొగ్గ తొడగడానికి నెలన్నర వరకు పట్టవచ్చు. అందుకే మొత్తం తోటను ఒకేసారి తుంచవద్దు. సగం ఇప్పుడు, మిగతా సగం పది రోజుల తర్వాత తుంచితే కోతలు ఒకేసారి మీద పడకుండా సాగుతాయి, కూలీల ఇబ్బందీ తగ్గుతుంది. మోకాలెత్తుకు నరికే అసలు కత్తిరింపు మాత్రం ఇప్పుడు వద్దు. ఈ వేసవి పూలలో కొంత పోయినట్లే. చివరి కోతలైనా దక్కించుకుందాం.

అసలు పని నవంబరులో మొదలవుతుంది. దీన్ని మాత్రం తప్పవద్దు. నవంబరు నడిమి నుంచి డ్రిప్ పూర్తిగా కట్టేయాలి. ఆకు పసుపు రంగుకు తిరిగి రాలాలి. పచ్చటి తోట అలా బోసిపోతుంటే చూడలేక మధ్యలో ఒక తడి ఇచ్చే రైతులు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు, ఒక్క తడితో అప్పటిదాకా ఎండబెట్టిందంతా వృథా అవుతుంది. ఆకు పూర్తిగా రాలకపోతే చేత్తో దూసేయవచ్చు. కొన్ని ఊళ్లలో గొర్రెల మందను తోలి మేపిస్తారు, అదీ మంచి పద్ధతే. ఈ మధ్య పురుగుమందు కొట్టిన తోటలోకి మాత్రం మందను రానివ్వకండి. డిసెంబరు చివర, జనవరి మొదట్లో నేల నుంచి 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు ఉంచి పైదంతా కత్తిరించండి. ఎండిన కొమ్మలు, ఒకదానిలో ఒకటి చిక్కుకున్న సన్న రెమ్మలు తీసేస్తే లోపలికి వెలుతురు పడుతుంది. కోసిన చోట తెగులు పట్టకుండా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పిచికారీ చేయండి. ఆ తర్వాత మొదళ్ల చుట్టూ తవ్వి, మొక్కకు 10 కిలోల మాగిన పశువుల ఎరువు, పైన చెప్పిన సూపర్, పొటాష్ మోతాదుతో పాటు 65 గ్రాముల యూరియా వేసి, అప్పుడు తడి ఇవ్వండి. ఇంతే మోతాదు మళ్లీ జూన్, జూలైలో. ఈ జూన్‌లో మాత్రం ఆకు ఇంకా నల్లగానే ఉంటే యూరియా మానేసి మిగతావే వేయండి. వీలైతే ఈలోగా మట్టి పరీక్ష చేయించండి. కోళ్ల ఎరువు ఎంత మిగిలి ఉందో తెలియకుండా వచ్చే ఏటి మోతాదు ఖాయం చేయడం నాకు ఇష్టం లేదు.

గట్టు మీద మామిడి గానీ కొబ్బరి గానీ ఉంటే వాటి నీడ పడే వరుసలను వేరుగా గమనించండి. మల్లెకు రోజంతా ఎండ కావాలి. నీడలో ఉన్న మొక్క ఎంత కత్తిరించినా ఆకే ఎక్కువ పెడుతుంది. అలాగే ఎండ తగులుతూ, చుట్టుపక్కలవి పూసినా తాను పూయని మొక్క కనిపిస్తే దానికి గుడ్డపీలిక కట్టి ఉంచండి. కొత్త మొక్కల కోసం అంటు గానీ కొమ్మ ముక్క గానీ దాని నుంచి తీయకండి, తల్లి గుణమే పిల్లకూ వస్తుంది.

ఇక చామంతి. వీధివైపు వరుస మీద రాత్రిపూట వీధి దీపం వెలుగు పడుతోందా? పడుతుంటే కారణం అదే అయి ఉంటుంది. రాత్రులు పొడుగవుతున్నప్పుడే చామంతి మొగ్గ పెడుతుంది. దీపం వెలుగులో ఉన్న మొక్కకు రాత్రి పొడుగైనట్లు తెలియదు, ఆకు పెడుతూనే ఉంటుంది. పూలు ఆలస్యంగా రావాలనుకున్నప్పుడు చామంతి రైతులు పొలంలో కావాలనే బల్బులు వెలిగించేది కూడా ఇందుకే. ఎరువు మార్చి ప్రయోజనం లేదు. జూన్, జూలైలో ఇంటివైపు పూసిన వరుస నుంచి పిలకలు తీసి, దీపం వెలుగు పడని చోట నాటండి. చోటు లేక గోడవారనే ఉంచాల్సి వస్తే సెప్టెంబరు నుంచి మొగ్గలు కనిపించే దాకా రోజూ చీకటి పడగానే వీధివైపు మందపాటి నల్ల గుడ్డ అడ్డు కట్టి, తెల్లవారగానే తీసేయండి.