న్యాయం జరగకుండా రాజీపడితే అది శాంతి అవుతుందా?

గొడవ ఆగితే చాలదా, మళ్లీ న్యాయం ఎందుకు అని అడిగారు. బైబిల్ ప్రకారం చాలదు. తెలుగు బైబిల్లో శాంతికి వాడే మాట ‘సమాధానం’. పాత నిబంధనలో దాని వెనకున్న హీబ్రూ మాట షాలోమ్. గొడవ లేకపోవడం ఒక్కటే కాదు, ఏ లోటూ లేకుండా అన్నీ సవ్యంగా ఉండటం దాని అర్థం. నీతి వల్లే సమాధానం కలుగుతుందని యెషయా 32:17 చెబుతుంది.

బెంగళూరులో మా తెలుగు చర్చిలో ఒక మేస్త్రీ, తన దగ్గర పనిచేసిన కూలీకి మూడు వారాల డబ్బులు ఎగ్గొట్టాడు. ఆదివారం ఇద్దరూ ఒకే చాప మీద కూర్చునేవారు. పెద్దలు ‘క్షమించెయ్ తమ్ముడూ’ అని చేతులు కలిపించారు. కూలీ చెయ్యి కలిపాడు, ఆ తర్వాత ఆరాధనకి రాలేదు. (ఆ రోజు ‘ఆమెన్’ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.)

లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడండి. యేసు ఇంటికొచ్చాడన్న సంబరంతో ఊరుకోలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ తర్వాతే.

న్యాయమంటే పగ తీర్చుకోవడం కాదు, రోమా 12:19 దాన్ని వద్దంటుంది. క్షమించాలి, నిజమే. కానీ దాంతో కూలి బాకీ రద్దయిపోదు. పనివారికివ్వకుండా బిగపట్టిన కూలే మొర్రపెడుతుందని యాకోబు 5:4లో ఉంది.